రేకుల మీద వాన

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో
గవర్నర్‌పేట మేడ మీద, మూడో గదిలో
నేను రోజూ వాన వింటాను.

సూది కండలోకి దిగుతుంది.
మిషను పక్కనున్న చిన్న స్పీకరు
కాసేపు గరగరలాడి
ఉన్నట్టుండి అందుకుంటుంది:
టప్ టప్ టప్ టప్,
రేకుల కప్పు మీద సన్నటి జల్లు.
"ఇదేంటి మేడమ్, మా షెడ్డు చప్పుడు!"
అన్నాడు సుభానీ.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మనిషి.
జారిన ఇనప రేకు
మోచేతికి పైన బెత్తెడు మేర కోసేసింది.
తోలు అతుక్కుంది. నరం కుట్టారు.
ఇల్లలకగానే పండగ కాదు కదా,
మణికట్టు
వాడిన తోటకూర కాడలా వేలాడుతోంది.

వాన ఎందుకో చెప్పమన్నాడు.
చెప్పడం నా ఉద్యోగం కాదు, గుచ్చడం వరకే.
అయినా చెప్పాను.

కండలో ఒక్కో పోగు పొడవునా
వందల కేంద్రకాలు.
అన్నిటి దగ్గరా ఒకే పుస్తకం,
అందులో చెవులు చేసే విధం రాసిన పుట.
నరం కొస వచ్చి ఆనిన చోట
సరిగ్గా దాని కింద ఉన్న కాసినే
ఆ పుట తెరిచి ఉంచుతాయి.
నరం పలికినప్పుడల్లా
పోగంతా ఒక మెరుపు పాకుతుంది.
ఆ మెరుపు తగులుతున్నంత కాలం
దూరానివి పుట మూసుకుని కూచుంటాయి.
రెండూ నరం మాటలే:
దగ్గరివాళ్ళకి తెరవమని,
దూరంవాళ్ళకి వద్దని.

నరం తెగింది. మాట ఆగింది.
ఒక రోజు చూశాయి, రెండు రోజులు చూశాయి,
ఎక్కడివక్కడ పుటలు తెరిచేశాయి.
పోగు ఒంటినిండా చెవులు మొలిచాయి,
అదీ అమ్మ కడుపులో ఉన్నప్పటి
పాత నమూనా చెవులు.
ఇప్పుడది ఎవరూ పిలవకుండానే పలుకుతోంది.
నువ్వు వింటున్న వాన అదే.
మెదడులోనూ దాదాపు ఇంతే,
చెప్పే కణం మూగబోతే
వినే కణం చెవులు పెంచుకుంటుంది.

సుభానీ పైన తిరిగే ఫ్యాను వంక చూశాడు.
"అంటే మేస్త్రి రాని రోజు మా షెడ్డే.
ఆయనుంటే రివెట్లు కొట్టేది నలుగురం.
లేడని తెలిసిందా,
టీ తెచ్చే పిల్లోడు కూడా సుత్తి పడతాడు."

నేను చదివిన పుస్తకాల్లో
ఇంత పొట్టిగా లేదు.

నరం రోజుకి ఒక మిల్లీమీటరు నడుస్తుంది.
బియ్యపు గింజంత దూరానికి వారం.
స్కేలు పెట్టి చెయ్యి కొలుచుకుని
కార్తీకంలో వస్తానని వెళ్ళాడు.

అతనికి చెప్పని సంగతి ఒకటి.
అక్క నాతో మాట మానేసి రెండేళ్ళు.
బందరు రోడ్డు బస్సులో ఎవరి ఫోను మోగినా
నా చెయ్యి సంచిలోకి పోతుంది.
మనుషుల్ని కేంద్రకాలతో పోల్చకూడదని తెలుసు.
పోల్చడం లేదు.
చెయ్యి పోతుందని మాత్రమే అంటున్నాను.

కార్తీకం. బంగాళాఖాతంలో తుఫాను.
బెంజి సర్కిల్ దగ్గర మోకాలి లోతు నీళ్ళు.
ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని
ఎడమ చేత్తోనే తలుపు తోసుకుంటూ వచ్చాడు.
సూది దించాను.
స్పీకరు చాలాసేపు ఊరుకుంది.
అక్కడొక చినుకు, ఇక్కడొక చినుకు.
"లేపు" అన్నాను.
కళ్ళు మూసుకుని పళ్ళు బిగించాడు.

టక్.

ఇంకాసేపటికి, టక్. టక్.
జల్లు కాదిది, ఒక్కడు తలుపు కొడుతున్న చప్పుడు.
మణికట్టు కదల్లేదు, చర్మం కింద ఏదో కదిలింది.

"వాన తగ్గిందా మేడమ్?"
"ఏది, బయటదా?"
ఇద్దరం కిటికీ వైపు చూశాం.

బొటనవేలిని లేపే కండ ఇంకా దూరం.
అక్కడ సూది పెడితే
జోరుగానే కురుస్తోంది.
రిపోర్టులో అదీ రాశాను.